బాడీ మార్చే ముందు పాడైన ఫొటోలు తెరవండి

లెన్స్ మార్చుకునే కెమెరాల్లో చౌకైన చిన్న మోడల్ సరిపోతుందా, ఖరీదైన పెద్ద బాడీ (లెన్స్ కాక మిగిలిన కెమెరా) కొనాలా అన్న దానికి జవాబు షాపులో దొరకదు. మీరు డిలీట్ చేద్దామని పక్కన పడేసిన ఫొటోల్లో ఉంటుంది. ఈమధ్య తీసినవాటిలో పాడైనవి ఒక వంద కంప్యూటర్లో తెరవండి. వంద శాతానికి జూమ్ చేసి, ఒక్కోదాని షటర్ స్పీడు (వెలుతురు పడే సమయం), అపర్చర్ (లెన్స్ రంధ్రం; ఎఫ్ అంకె తగ్గేకొద్దీ పెద్దది), ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా చూపే స్పందన) చూస్తూ ఎందుకు చెడిందో కాగితం మీద గీతలు పెట్టుకోండి. చేతిలో కెమెరా లేనివాళ్లు రెండు రోజులు అద్దెకు తెచ్చుకుని తీసి, ఇదే పని చేయొచ్చు.

గీతలు ఎక్కువగా "కదిలింది", "నాయిస్ వచ్చింది" (ఇసుక చల్లినట్టు చుక్కలు) అన్నచోట పడితే బాడీ జోలికి పోవద్దు. రాత్రి పెళ్లి మండపంలో కెమెరాతో పాటు వచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్స్‌ను 55 దగ్గర పెడితే ఎఫ్ 5.6 కంటే తెరుచుకోదు. అందుకే షటర్ 1/60 సెకనుకి పడిపోతుంది, లేదంటే ఐఎస్ఓ 6400కి ఎగబాకుతుంది. అదే బాడీకి 50 ఎంఎం ఎఫ్ 1.8 తగిలిస్తే సుమారు పదింతల వెలుతురు లోపలికొస్తుంది. 6400 కాస్తా 640 అవుతుంది. సెన్సర్ సైజు మారకుండా పై మోడల్‌కి వెళితే నాయిస్‌లో తేడా వెతుక్కోవాల్సిందే. ఫుల్ ఫ్రేమ్‌కి (ఇంకా పెద్ద సెన్సర్) పోయినా దక్కేది ఒకటి, ఒకటిన్నర స్టాపు మధ్య (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు). లెన్స్ ఇచ్చేది మూడు స్టాపులకు పైనే.

మెగాపిక్సెళ్ల మాట కూడా ఇక్కడే తేల్చేద్దాం. 24 మెగాపిక్సెల్ ఫొటో అడ్డంగా 6000 పిక్సెళ్లు. ఆల్బమ్‌లో 12×36 అంగుళాల షీటు నిండా ఒకే ఫొటో పరిచినా అంగుళానికి 167 పిక్సెళ్లు వస్తాయి. 32.5 మెగాపిక్సెళ్లయితే 193. చేతి దూరం నుంచి చూసే ఆల్బమ్‌లో ఆ తేడా ఎవరికీ తెలియదు. గండికోటలో తెల్లవారుజామున పెన్నా లోయ తీసేటప్పుడు ట్రైపాడ్, ఐఎస్ఓ 100, ఎఫ్ 8, రెండు సెకన్ల టైమర్ పెడితే కెనాన్ చిన్న మోడల్ ఆర్50, పెద్ద మోడల్ ఆర్7 రెండూ దాదాపు ఒకే ఫొటో ఇస్తాయి. ల్యాండ్‌స్కేప్ మాత్రమే తీసేవాళ్లు మిగిలిన డబ్బును మంచి ట్రైపాడ్‌కి పెట్టుకోవచ్చు.

ఇక గీతలన్నీ "ఫోకస్ తప్పింది" అన్న చోటే పడ్డాయా? ముందు సెట్టింగ్ చూడండి. ఫోకస్ పాయింట్లన్నీ ఆటోలో వదిలేస్తే కెమెరా తరచు దగ్గరగా ఉన్నదాన్నే పట్టుకుంటుంది: ముఖం బదులు చేతిలోని తలంబ్రాల పళ్లెం. నడుమ ఒక్క పాయింటు ఎంచుకుని, కదిలేవాటికి కెనాన్‌లో ఏఐ సర్వో (లోపల అద్దం లేని మిర్రర్‌లెస్‌లో సర్వో), నికాన్‌లో ఏఎఫ్-సి (కదిలేదాన్ని ఫోకస్ వెంబడించే మోడ్) పెట్టి మళ్లీ తీయండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి.

అప్పటికీ తప్పుతుంటే పెద్ద బాడీకి పని పడినట్టే. కెనాన్ చిన్న మోడల్ 1500డిలో ఫోకస్ పాయింట్లు 9. వాటిలో నడిమిదొక్కటే క్రాస్ టైపు (అడ్డ, నిలువు గీతలు రెండింటినీ పట్టేది). సెకనుకు 3 ఫొటోలు. పెద్దదైన 90డిలో 45 పాయింట్లూ క్రాస్ టైపే, సెకనుకు 10. వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగ గూటి మీద వాలే క్షణం 3 ఫ్రేముల వేగానికి అందడం అదృష్టం. రోళ్లపాడు బట్టమేక పిట్ట పేరు మీద వెలిసిన అభయారణ్యమే అయినా మన కంట ఎక్కువగా పడేవి కృష్ణజింకలే. అవి గెంతేటప్పుడు 1/1600కి తగ్గకుండా పెట్టి, ఫోకస్ వెంబడించే బాడీ ఉండాలి. ఐతే 250 ఎంఎం దగ్గర ఆగిపోయే లెన్స్‌తో అక్కడికి పోతే ఏ బాడీ అయినా చుక్కంత జింకనే చూపిస్తుంది.

ఎండ సంగతి మన సీమవాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాలి. మిట్టమధ్యాహ్నం ఐఎస్ఓ 100, ఎఫ్ 1.8 పెడితే షటర్ 1/8000 దాకా కావాలి. 1500డి, నికాన్ డి3500 రెండూ 1/4000 దగ్గర ఆగిపోతాయి, ఫొటో తెల్లబోతుంది. దీనికి 3 స్టాపుల ఎన్‌డి ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్ల అద్దం) చాలు, కొత్త బాడీ అక్కర్లేదు. ఫ్లాష్‌తో పగలు పోర్ట్రెయిట్ తీసేవాళ్లకు మాత్రం అడ్డంకి పెద్దది. డి3500లో హై స్పీడ్ సింక్ (వేగమైన షటర్ తోనూ ఫ్లాష్ వాడే వీలు) లేదు, ఫ్లాష్ వేస్తే 1/200 దాటదు. ఆ ఎండలో అపర్చర్ ఎఫ్ 11కి మూసుకోవాల్సి వస్తుంది, వెనక బ్లర్ ఆశ వదులుకోవడమే. నికాన్ లోనే పెద్దదైన డి7500కి తగిన ఫ్లాష్ పెడితే ఈ గొడవ లేదు. పైగా సొంత మోటారు లేని పాత ఏఎఫ్-డి లెన్స్‌లను నడిపే మోటారు దాని బాడీలోనే ఉంది. డి3500 మీద అవి చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే.

పెళ్లిళ్లు ఒప్పుకునేవాళ్లు మెమరీ కార్డు స్లాట్లు లెక్కపెట్టండి, రెండుంటే ఒక కార్డు చెడినా ఫొటోలు మిగులుతాయి. జీలకర్ర బెల్లం రెండోసారి పెట్టించలేం కదా. 90డి, డి7500, ఆర్10 అన్నింట్లో ఒక్కటే స్లాటు, ఆర్7లో రెండు. పెద్ద బాడీ అంటే రెండు స్లాట్లుంటాయనుకుని కొనేవాళ్లు చాలామంది. రెండోది, డయళ్లు: 1500డిలో సెట్టింగ్ మార్చడానికి తిప్పే డయలు ఒక్కటే, ఎమ్ (మాన్యువల్) మోడ్‌లో అపర్చర్ మార్చాలంటే ఒక బటన్ నొక్కిపట్టి తిప్పాలి. రోజంతా మాన్యువల్‌లో తీసేవారికి రెండు డయళ్ల విలువ ఆ వేళ్లకే తెలుస్తుంది.

దుమ్ముకు తట్టుకుంటుందని సీల్డ్ బాడీ కొని మామూలు కిట్ లెన్స్ తగిలిస్తే ఉపయోగం లేదు. లెన్స్ మౌంటు చుట్టూ సన్నని రబ్బరు రింగు ఉంటేనే ఆ లెన్స్ సీల్డ్ అనుకోండి. అనంతపురం గాలికి లెన్స్ మార్చేటప్పుడు బాడీ నోరు కిందికి తిప్పి పట్టుకోవాలి.

కెనాన్, నికాన్ రెండూ 2020 తర్వాత కొత్త డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) తీసుకురాలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మిర్రర్‌లెస్ వైపు పోవడమే మేలు. అవి బ్యాటరీ తొందరగా తాగేస్తాయి, ఒకటి అదనంగా కొనండి. బడ్జెట్ తక్కువై సెకండ్ హ్యాండ్ డి7500 చూస్తుంటే, దాని షటర్‌ను 1,50,000 క్లిక్కుల వరకు పరీక్షించారని గుర్తుంచుకుని ఇప్పటికి ఎన్ని క్లిక్కులయ్యాయో అడగండి. లెన్స్‌లోకి టార్చి వేసి బూజు తీగలున్నాయేమో చూడండి. తర్వాత ఎఫ్ 16 పెట్టి, ఫోకస్ కావాలనే చెడగొట్టి తెల్లగోడను తీయండి. నల్లచుక్కలు కనిపిస్తే బ్లోయర్‌తో ఊది మళ్లీ తీయండి. అప్పుడూ అదే చోట ఉంటే సెన్సర్ క్లీనింగ్ ఖర్చు బేరంలో తగ్గించమనండి.