పాత బర్డ్ 43 ఇంకా పనికొస్తుందా?

శ్రీకాకుళంలో హామ్ రేడియో (లైసెన్సుతో సరదాకి నడిపే రేడియో) మొదలుపెడుతున్నవాళ్లు ఎవరడిగినా, ముందు ఒక పాత బర్డ్ 43 వాట్‌మీటర్ (రేడియో నుంచి యాంటెన్నాకి కేబుల్లో పోయే పవర్‌ని కొలిచేది) సంపాదించమనే చెప్తాను. 1950ల నాటి డిజైన్. బ్యాటరీ అక్కర్లేదు, కేబుల్లో పోయే సిగ్నల్‌లోంచే కాస్త తీసుకుని ముల్లు కదుల్తుంది (2018లో తిత్లీ తుపాను తర్వాత మన జిల్లాలో కరెంటు లేని రోజులు గుర్తున్నాయిగా). మీటర్లో పెట్టే ఎలిమెంట్ (పవర్‌ని పసిగట్టే ముక్క) మీది బాణాన్ని యాంటెన్నా వైపు తిప్పితే వెళ్లే పవర్, రేడియో వైపు తిప్పితే వెనక్కొచ్చే పవర్. 100 వాట్లు వెళ్లి 4 తిరిగొస్తే ఎస్‌డబ్ల్యూఆర్ (ఎంత వెనక్కొస్తోందో చెప్పే లెక్క, 1 అయితే ఏమీ రానట్టు) 1.5, బానే ఉన్నట్టు.

చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. దీని కచ్చితత్వం ఫుల్ స్కేల్‌లో (ఆ ఎలిమెంట్ చూపగల గరిష్ఠ పవర్‌లో) 5 శాతం అటూఇటూ, అంటే 100 వాట్ల ఎలిమెంట్‌తో చూసిన ఆ 4 వాట్లు నిజానికి 0 కావచ్చు, 9 కూడా కావచ్చు. వెనక్కొచ్చేదానికి 10 వాట్ల ఎలిమెంట్ పెట్టండి, కానీ అది పెట్టాక బాణాన్ని యాంటెన్నా వైపు తిప్పారో, మీటర్ దెబ్బతింటుంది.

ఇంకోటి, కళింగపట్నం వైపు ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పుపట్టి కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) లోకి నీళ్లు దిగుతాయి, అలాంటి కేబుల్ పవర్‌ని రెండువైపులా తినేస్తుంది కాబట్టి కింద రేడియో దగ్గర రీడింగ్ ముచ్చటగా కనిపిస్తుంది. అనుమానం ఉంటే మీటర్ పట్టుకుని మేడెక్కి, యాంటెన్నా దగ్గర పెట్టి చూడండి.