ఈజిప్టు సమాధి గోడ: పూత నుంచి పరలోకం దాకా

ఈజిప్టు సమాధుల్లోని బొమ్మలను వట్టి అలంకారం అనుకుంటే వాటి తీరు సగం కూడా అర్థం కాదు. బతికున్నవాళ్లు నైవేద్యం పెట్టడం మానేసినా గోడ మీది రొట్టె చనిపోయినవాడి ఆకలి తీర్చాలి. అందుకే అక్కడ మనిషి బొమ్మలో ఏ లోటూ ఉండకూడదు. ముఖం పక్కనుంచి, కన్నూ భుజాలూ ఎదురుగా, కాళ్లు మళ్లీ పక్కనుంచి గీస్తారు. ఏ అవయవం ఎటునుంచి పూర్తిగా తెలుస్తుందో అటునుంచే అన్నమాట. పక్కన పేరు కూడా ఉండాలి. పగబట్టినవాళ్లు ముందుగా చెక్కి తీసేసింది ఆ పేర్లనూ ముఖాలనూ.

ఈ సమాధులు ఎక్కువగా ఉన్న లక్సర్ దగ్గర, నైలు నది పడమటి గట్టున, కొండరాయి చాలాచోట్ల పగుళ్లతో ఉంటుంది. దాని మీద గడ్డి కలిపిన మట్టి మెత్తి, పైన పల్చగా జిప్సం పూత పూసేవారు. ఎర్రకావిలో ముంచిన దారాన్ని బిగించి లాగి వదిలితే గీత పడుతుంది. అలా గళ్లు కొట్టేవారు. నిలబడ్డ మనిషికి అరికాలి నుంచి నుదుటి జుట్టు అంచు దాకా 18 గళ్లు, కూర్చున్నవాడికి 14. తొలి గీత ఎరుపు, దిద్దుబాటు నలుపు. అక్కడి రాజుల లోయలో హోరెంహెబ్ అనే ఫారో సమాధి పని మధ్యలోనే ఆగిపోవడంతో ఈ దశలు నేటికీ కనబడతాయి. పనితీరు నేర్చుకోవాలంటే పూర్తయిన సమాధులకన్నా ఇదే మేలు.

రంగు వేసేది ఆరిన పూత మీద. అది అంటుకోవడానికి తుమ్మబంక లాంటి జిగురు కలుపుతారు. తడి తగిలితే రంగు లేచిపోయేది అందుకే. ఎరుపు, పసుపు రంగులు కావిమన్ను నుంచి, నలుపు మసి నుంచి వస్తాయి. నీలాన్ని మాత్రం తయారు చేసుకోవాల్సిందే. ఇసుక, సున్నం, రాగి, నేట్రాన్ (సహజంగా దొరికే సోడా ఉప్పు) కలిపి 850 నుంచి 1000 డిగ్రీల వేడిలో గంటల తరబడి కాల్చాలి. వేడి చాలకపోతే నీలం తయారు కాదు, మరీ మించితే విరిగిపోతుంది.

రాజుల సమాధులు కట్టిన పనివాళ్ల ఊరు దైర్ ఎల్-మదీనాలో, వాళ్లలో ఒకడైన సెన్నెజెమ్ సమాధిలో దంపతులు తెల్లటి నారబట్టలతో పరలోకపు పొలం దున్నుతుంటారు. బురదలో ఆ బట్టలేమిటి అనిపిస్తుంది. కానీ అది ఇయారు క్షేత్రం, అంటే ఏ లోటూ లేని పరలోకపు పొలం. చనిపోయినవాళ్లకు తోడుగా ఉంచే మంత్రాల సంపుటి మృతుల గ్రంథం 109వ అధ్యాయం ప్రకారం అక్కడ బార్లీ 5 మూరల ఎత్తు పెరుగుతుంది.

ఈ గోడలకు పెద్ద శత్రువు ఉప్పు. 1904లో వెలుగు చూసిన రాణి నెఫర్తారి సమాధిలో చెమ్మకు రాతిలోని ఉప్పు కరిగి, పూత వెనక మళ్లీ గడ్డకట్టి, బొమ్మలను ముందుకు తోసేసింది. 1986 నుంచి 1992 దాకా సాగిన సంరక్షణలో ముందు ఊడిపోతున్న పెచ్చులను జపాన్ కాగితపు పట్టీలతో నిలిపారు. ఆపైనే శుభ్రం చేశారు. రాలిపోయినచోట కొత్త బొమ్మ వేయలేదు. సరైన నిర్ణయం అదే.