తాబేలు మూతికి నెయిల్ కట్టర్ పెట్టకండి బాబూ

పై మూతి పెరిగిపోయి చిలక ముక్కులా కిందికి వంగిన తాబేలుని చూడగానే ఎవరి చెయ్యైనా నెయిల్ కట్టర్ మీదికే పోతుంది. మా బావ చెయ్యీ అటే పోయింది. భీమవరంలో మా అక్కావాళ్లింట్లో రెడ్ ఇయర్డ్ స్లైడర్ ఒకటుంది లెండి, కళ్ల వెనక ఎర్ర చారలతో అక్వేరియం షాపుల్లో బుల్లిబుల్లిగా అమ్ముతారే, అదే. మా మేనల్లుడు పేచీ పెట్టి మరీ కొనిపించుకున్నాడు. ఈమధ్య అది గుడ్డు ముక్క అందుకోబోవడం, జారవిడవడం, మళ్లీ అందుకోబోవడం చూసి అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, దీని మూతి మూసుకోవట్లేదురా. మీ బావ కట్టర్ పట్టుకొచ్చారు, చేసెయ్యమంటావా?"

"అక్కా, ముందా కట్టర్ లాక్కో" అన్నాను.

తాబేలుకి పళ్లుండవు. దవడ ఎముక మీద గట్టి తొడుగుంటుంది, మన గోళ్లలో ఉండే కెరాటినే, బతికినంత కాలం పెరుగుతూనే ఉంటుంది. దాని కిందే రక్తం ఆడే భాగం, ఎముక. కట్టర్‌తో నొక్కితే అది మనం అనుకున్నచోట తెగదు, పగులుతుంది. పగులు పైదాకా పాకిందంటే రక్తం, నొప్పి, ఇన్‌ఫెక్షన్, తిండి పూర్తిగా బంద్.

మన వైపు పశువుల ఆసుపత్రుల్లో గేదెలు, మేకలు, కోళ్లు. బకెట్లో తాబేలుని పెట్టుకుని ఆ వరసలో కూర్చుంటే పక్కనున్నవాళ్లు "పులుసుకాండీ?" అని అడుగుతారు. చివరికి విజయవాడలో ఇలాంటివి చూసే డాక్టరు దొరికారు. ఆయన తాబేలు తలని వేళ్లతో దవడ వెనక పట్టుకుని, కళ్లకీ ముక్కు రంధ్రాలకీ పొడి తగలకుండా తడి దూది అడ్డం పెట్టి, పళ్ల డాక్టర్ల దగ్గర ఉండేలాంటి చిన్న తిరుగుడు మిషన్‌తో అరగదీయడం మొదలుపెట్టారు. కొంచెం రుద్దడం, ఆపడం, మళ్లీ కొంచెం. ఆపకుండా పెడితే వేడెక్కి కాలుతుందట. వెంట్రుకలు కాలిన వాసన, తెల్లటి పొడి, అంతే. బాగా ముడుచుకుపోయే వాటికి మత్తు ఇవ్వాల్సి వస్తుంది, మనది కాస్త బుద్ధిమంతురాలు కాబట్టి... సారీ, బుద్ధిమంతుడు. అంతా ఒకేసారి తీసెయ్యలేదు. మిగిలింది కొన్ని వారాలు ఆగి తీద్దామన్నారు.

ఇంతా చేసి, మూతి తగ్గించడం పెద్ద పని కాదు. ఎందుకు పెరిగిందో కనుక్కోకపోతే మళ్లీ పెరుగుతుంది. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "ఏం పెడుతున్నారు?" అని. ఉడికించిన గుడ్డు, అన్నం మెతుకులు, షాపువాడిచ్చిన ఎండు రొయ్యల డబ్బా. నీళ్లలో నానితే అన్నీ మెత్తనివే, గట్టిగా కొరకాల్సిన పనే లేదు, అలాంటప్పుడు మూతి ఎక్కడ అరుగుతుంది? పైగా తొట్టె కిటికీ అద్దం వెనక. ఎండ పడుతోంది కదా అనుకుంటాం గానీ, విటమిన్ డి3కి కావలసిన యూవీబీ కిరణాలు అద్దం దాటి రావు. డి3 లేకపోతే కాల్షియం ఒంటికి పట్టదు, దవడ ఎముక మెత్తబడుతుంది, పైదీ కిందదీ సరిగ్గా ఆనవు. ఒక్కోసారి లివర్ జబ్బు వల్ల కూడా ఇలా పెరుగుతుంది కాబట్టి ఆయన అదీ చూశారు.

ఇప్పుడు మెనూ మారింది. పెద్దయిన స్లైడర్‌కి ఆకులే ఎక్కువుండాలి. గేదెల మేతకి అజొల్లా అనే నీటి మొక్క పెంచేవాళ్లు మన ఊళ్లలో బోలెడుమంది, ఓ గుప్పెడు అడిగితే కాదనరు. చేల పక్క కాలవల్లో గుర్రపు డెక్క మాత్రం తేవద్దన్నాను, పురుగుమందు ఉంటుంది. చిన్న రొయ్య పెంకుతో సహా అప్పుడప్పుడు. సముద్రపు నురుగు ముక్క (నురుగు కాదు, కటిల్ ఫిష్ అనే సముద్ర జీవి లోపలి తెల్లటి గట్టి పెంకు) శుభ్రంగా కడిగి నీళ్లలో వేస్తే కొరుక్కుంటుంది, కాల్షియం వస్తుంది, మూతీ అరుగుతుంది. పొద్దున్నే డాబా మీద ఎండ, పక్కన నీడ కూడా ఉండాలి, లేకపోతే మన ఎండలకి ఉడికిపోతుంది. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉంటుంది.

అన్నట్టు, ఇదంతా చదివి కాలవలో దొరికిన తాబేలునో, నక్షత్ర తాబేలునో తెచ్చి పెంచకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం. విసుగొచ్చి స్లైడర్‌ని కాలవలో వదలడమూ తప్పే. అది అమెరికా జాతి, మన తాబేళ్ల తిండికి, చోటుకి పోటీ వస్తుంది.

వచ్చేముందు బావ ఊరుకోలేదు. "ముందు కాళ్ల గోళ్లు అంత పొడుగున్నాయి, పన్లో పని అవీ తీయించేద్దామా డాక్టరుగారూ?" అన్నాడు. డాక్టరు నవ్వి, మగ స్లైడర్‌కి ఆ గోళ్లు అలాగే ఉంటాయండీ, ఆడదాని మొహం ముందు వాటిని ఆడించే మనసు గెలుచుకుంటుంది అన్నారు. అక్క బావకేసి ఓ చూపు చూసింది. ఆ చూపు గురించి రాస్తే నాకు భీమవరంలో భోజనం పుట్టదు.