సింహాచలం గోడల మీద ఒక తోట

ఉత్తరాంధ్ర మధ్యయుగ చరిత్ర మీద శనివారం సాయంత్రం ఉపన్యాసం, ఆదివారం పొద్దున్నే అందరూ కలిసి సింహాచలం కొండకి, అని వాట్సాప్‌లో మెసేజ్ చూసి రాజమండ్రిలో రత్నాచల్ ఎక్కేశాను. వైజాగ్ వెళ్తున్నానంటే మా ఇంట్లో అందరూ బీచ్‌కే అనుకున్నారు, చరిత్ర వినడానికి అంత దూరం ఎందుకని ఒక చూపు కూడా చూశారు. వాళ్లని అని లాభం లేదు. విశాఖ చరిత్ర అనగానే ఎవరైనా భీమిలి డచ్చి సమాధులతోనో, బ్రిటిషువాళ్ల బంగళాలతోనో మొదలుపెడతారు. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే ఇది రేవు, శాసనాల్లో కులోత్తుంగచోళపట్నం అని దీనికి ఇంకో పేరుంది, ఇక్కడ వర్తక సంఘాలు వ్యాపారం చేసేవి. ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

హాలు ద్వారకానగర్‌లో. ఆరింటికన్నారు, ముఖ్య అతిథి వచ్చేసరికి ఏడు దాటింది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనాగీతం, శాలువాలు, మెమెంటోలు, ఒకరి గురించి ఒకరు చెప్పుకోవడాలు, ఇవన్నీ మీకు తెలిసినవే. శాలువాలు కప్పించుకున్నవాళ్లలో సగం మంది అసలు ఉపన్యాసం మొదలవకముందే లేచి వెళ్లిపోయారు. ఒకరకంగా మంచిదే అయింది, వెనక నిలబడ్డ కాలేజీ పిల్లలకి కుర్చీలు దొరికాయి.

మాట్లాడినాయన రిటైర్డ్ ప్రొఫెసరు. కాగితం చూడలేదు, గొంతు పెంచలేదు. కళింగని ఏలిన గంగవంశం గురించి చెప్పారు. అనంతవర్మ చోడగంగకి 1078లో కళింగనగరంలో పట్టాభిషేకం జరిగింది, ఆ కళింగనగరం అంటే ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో మనం ముఖలింగం అని వెళ్లొచ్చే ఊరే. తల్లి చోళుల ఆడపడుచు, అందుకే పేరులోనే చోడ ఉంది. అలాంటివాడు తరవాత చోళులతోనే తలపడ్డాడు, రాజధానిని కటకం, అంటే ఇప్పటి ఒడిశాలోని కటక్ వైపు తీసుకెళ్లాడు. సింహాచలం గుడిని ఇప్పుడున్న రూపంలో కట్టించింది మొదటి నరసింహదేవుడు, కోణార్క కట్టించిన రాజే. పని చేయించిన అక్తాయి సేనాపతి శాసనం 1268 నాటిది.

ప్రశ్నల టైమ్‌లో అసలు వేడి పుట్టింది. పోర్టులో పనిచేసి రిటైరయ్యానన్న పెద్దాయన లేచి, గంగరాజులు మనవాళ్లా ఒడియావాళ్లా ఒక్కమాటలో తేల్చండి అన్నారు. ఇంకో మూల నుంచి మనవాళ్లే అని ఒకరు, కాదని ఒకరు, కాసేపు గోల. ప్రొఫెసరు గారు నవ్వి, సింహాచలంలో సుమారు 500 శాసనాలున్నాయి, తెలుగులో, సంస్కృతంలో, ఒడియాలో, తమిళంలో ఉన్నాయి, వాటిలో ఏ ఒక్కటీ మీ ప్రశ్న వేసుకోలేదండీ అన్నారు. పెద్దాయనకి తృప్తి కలగలేదని మొహంలోనే తెలిసింది. నాకు మాత్రం ఆ సాయంత్రం మొత్తానికి ఆ ఒక్క జవాబు చాలు.

ఆదివారం గోపాలపట్నం మీదుగా కొండ కిందకి చేరి దేవస్థానం బస్సెక్కాం. మెట్లదారిన ఎక్కుదామన్న పిల్లలు కొందరు ఉన్నారు కానీ ఆ ఎండకి ఎవరూ పట్టుబట్టలేదు. ఫోన్లు లోపలికి పోనివ్వరు, అది ఎంత మేలో లోపలికి వెళ్లాకే తెలిసింది, ఫొటోల గొడవ లేదు కాబట్టి అందరూ రాళ్లవైపే చూశారు.

ఈ గుడికి ఎన్నిసార్లొచ్చినా ఎప్పుడూ క్యూలో ముందువాడి వీపు చూస్తూ నడవడమే. కప్పస్తంభం కౌగిలించుకోవడం, చందనపు పూతలో స్వామిని చూడటం, ప్రసాదం కొనుక్కుని బస్సెక్కడం. గుడి పడమటి ముఖంగా ఉందన్న సంగతి కూడా ఎవరో చెబితే తప్ప పట్టదు. ఈసారి దర్శనం అయ్యాక మండపాల్లో నిలబెట్టి చూపించారు. స్వామి కల్యాణం జరిగే 96 స్తంభాల మండపం దగ్గర ఎక్కువసేపు ఆగాం, నల్లరాతి మీద అంత సన్నపు పని చూసి కోణార్క మాట మళ్లీ గుర్తొచ్చింది.

శాసనాల దగ్గర మాత్రం అందరం కదలకుండా నిలబడిపోయాం. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుతున్న ఒకమ్మాయి పాత లిపి కూడబలుక్కుంటూ పైకి చదువుతుంటే, స్వస్తిశ్రీ, శకవర్షంబులు అని అక్కడక్కడా మనకీ తగులుతుంది. రాజుల బిరుదులు ఉంటాయనుకుంటాం కదా, ఎక్కువభాగం లెక్కలే. ఫలానా ఆవిడ శ్రీభండారంలో, అంటే గుడి ఖజానాలో, ఇన్ని గండమాడలు, అంటే బంగారు నాణేలు, పెట్టింది, దాని మీద అఖండదీపం వెలగాలి, ఆమెకి రోజూ ఇంత ప్రసాదం ఇవ్వాలి. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు చదువుతున్నట్టే ఉంది. రాజులూ ఉన్నారనుకోండి. వెలనాటి గొంకరాజు రాణి స్వామికి బంగారు తొడుగు చేయించింది, 1516లో శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా రాజైన గజపతి మీద దండయాత్రకి వచ్చి, ఆ గజపతులు కొలిచిన దేవుడికే 991 ముత్యాల హారం సమర్పించాడు. కానీ ఇక్కడ దొరికినవాటిలో అన్నిటికన్నా పాత శాసనం 1098-99 నాటిది, కులోత్తుంగ చోళుడి కాలం. అది ఏ రాజూ వేయించింది కాదు. ఒక మామూలు మనిషి దేవుడికి తోట రాసిచ్చాడు, అంతే.

ఇలాంటి సభల్లో మనం రాజుల పేర్లకి చప్పట్లు కొట్టి, ఎవరి రాజు గొప్ప అని కొట్టుకుని ఇంటికొస్తాం. తోట ఇచ్చినవాడి గురించి, దీపం పెట్టించినావిడ గురించి గంట మాట్లాడితే ఆ కాలేజీ పిల్లలకి ఇంకా బాగా ఎక్కేది అనిపించింది. ఆ మాటే అంటే ప్రొఫెసరు గారు, పోస్టర్ మీద చక్రవర్తి బొమ్మ లేకపోతే హాలు నిండదమ్మా అన్నారు. నిజమే కావచ్చు.

బయట సంపెంగలు అమ్ముకునే ముసలావిడ మా గుంపుని చూసి, "ఏటి బాబూ, గోడలకాసి సూస్తన్నారు, దేవుడు లోపలున్నాడు కదా" అంది. తోట శాసనం సంగతి చెప్తే, "తోటలుండబట్టే కదా మాకీ పువ్వులు" అని తేలిగ్గా తీసిపారేసి, ఇంకో పొట్లం అంటగట్టింది. పువ్వులూ, కొండ అనాసపండూ కొనుక్కుని కిందకి దిగాం.

దిగాక టిఫిన్ల దగ్గర నిర్వాహకులు వచ్చేసారి పంచదార్ల అన్నారు. రాంబిల్లి వైపు ధర్మలింగేశ్వరస్వామి గుడి, 1403లో ఒకటి, 1407లో ఒకటి వేయించిన ఎలమంచిలి చాళుక్యుల స్తంభ శాసనాలు అక్కడే ఉన్నాయి. ఉపన్యాసం కూడా హాల్లో కాకుండా అక్కడే గుడి అరుగు మీద పెట్టొచ్చు కదా అన్నాను. "బస్సుకి డబ్బులెవరిస్తారండీ?" అని ఆయన, శాలువాల ఖర్చు తగ్గించండి సార్ అని వెనకనుంచి ఆ శాసనం చదివినమ్మాయి. ఆయన నవ్వి ఊరుకోకుండా డైరీ తీసి ఎవరెవరు వస్తారో పేర్లు రాసుకోవడం మొదలుపెట్టారు, నా పేరూ ఇచ్చాను.