పాత అయ్యగారు

రాత్రి పదకొండున్నర. నిద్ర పట్టడం లేదు. కారణం 1837లో పుట్టిన ఒక పిల్లవాడికి పెట్టిన పేరు. నవ్వకండి.

చిన్నవాడి పళ్ల డాక్టరు గంటన్నర ఆలస్యమని కబురు చేస్తే, వాడిని తీసుకుని న్యూజెర్సీలోని కాల్డ్‌వెల్‌లో, అమెరికా ప్రెసిడెంటుగా చేసిన గ్రోవర్ క్లీవ్‌లాండ్ పుట్టిన ఇంటికి వెళ్లాను. ఇన్నేళ్లుగా ఆ దారిన కారు నడుపుతున్న మా ఆయన ఒక్కసారీ ఆపలేదు. ఆ సంగతి ఇంకోసారి. నేను చూడాలనుకున్నది ప్రెసిడెంటును కాదు, ఆ ఇంటిని. అది 1832లో కట్టిన ప్రెస్బిటేరియన్ పాదిరి ఇల్లు. మా నాన్నా పాదిరే; గోడకు మేకు కొట్టాలన్నా సంఘ పెద్దలను అడగాల్సిన ఇళ్లలో పెరిగినదాన్ని కదా, గడప దాటగానే చేతులు వాటంతట అవే వెనక్కి కట్టుకున్నాను.

చిన్నవాడు ఊయల దగ్గర అర నిమిషం నిలబడ్డాడు, 1886లో వైట్‌హౌస్‌లో జరిగిన క్లీవ్‌లాండ్ పెళ్లి కేకు ముక్క దగ్గర పది నిమిషాలు. ఇప్పుడు తింటే ఏమవుతుందని వాడి బెంగ.

నన్ను పట్టుకున్నది వేరే. ఆ పిల్లవాడి అసలు పేరు స్టీఫెన్ గ్రోవర్ క్లీవ్‌లాండ్. స్టీఫెన్ గ్రోవర్ అంటే ఎవరు? అదే చర్చిలో అంతకు ముందు చాలా ఏళ్లు పనిచేసిన పాదిరి! 1834లో ఆ ఊరికి కొత్త పాదిరిగా వచ్చిన రిచర్డ్ క్లీవ్‌లాండ్ తన ఐదో బిడ్డకు పాత అయ్యగారి పేరు పెట్టుకున్నాడు.

పాత అయ్యగారు. ఈ రెండు మాటలు వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. నాన్నకు బదిలీ అయి కొత్త ఊళ్లో సామాను దించుతుండగానే మొదలయ్యేది. పాత అయ్యగారు ప్రార్థన చేస్తే కన్నీళ్లు వచ్చేవి. పాత అయ్యగారు సైకిలు మీదే అన్ని ఊళ్లూ తిరిగేవారు. చర్చిలో ఒక కోతపండుగ నాడు, కానుకగా వచ్చిన గుమ్మడికాయల వేలం నాన్నే వేశారు. పెద్ద కాయ నలభై రూపాయల దగ్గర ఆగిపోయింది. ముందు బెంచీలోని సంఘ పెద్ద లేచి, అందరికీ వినబడేలా, "పాత అయ్యగారు పాడిస్తే ఇది వంద దాటేది" అన్నాడు. నాన్న నవ్వారు. అమ్మ నవ్వలేదు. ఇంటికొచ్చి కూరగాయల కత్తిపీటను ఎంత విసురుగా వాల్చిందో నాకిప్పటికీ చెవుల్లో ఉంది. ఆ కాయను చివరికి నాన్నే నలభై రూపాయలకు కొన్నారు. వారం రోజులు గుమ్మడికాయ పులుసే. నేను ఇప్పటికీ గుమ్మడికాయ తినను.

అలాంటిది, ఆ పేరు ఇంట్లోకి తెచ్చుకుని, రోజూ పిలుచుకుంటారా? కాకా పట్టడం కాకపోతే ఏమిటిది? ప్రెస్బిటేరియన్లలో బిషప్పులు ఉండరు. పాదిరిని పిలుచుకునేది సంఘమే, ప్రెస్బిటరీ, అంటే చుట్టుపక్కల సంఘాల పాదిరుల, పెద్దల సభ, ఒప్పుకోవాలి. అంటే ఊరి మెప్పు పోతే కూడు పోయినట్టే. తొమ్మిదిమంది పిల్లలు. ఏం చేస్తాడు పాపం. న్యూయార్క్ రాష్ట్రంలో ఊళ్లు మారుతూ పోయాడు: 1841లో ఫాయెట్‌విల్, 1850లో క్లింటన్, 1853లో హాలండ్ పేటెంట్. అక్కడ చేరిన కొద్ది వారాలకే పోయాడు. యుటికాలో అక్క పెళ్లి బట్టలు కొంటుంటే బయట బండిలో కూర్చున్న పదహారేళ్ల గ్రోవర్‌కు, పేపరు కుర్రాడి కేక వల్లే తండ్రి పోయాడని తెలిసిందట. కాలేజీ ఆశ అక్కడితో సరి. అన్న విలియమ్ మాత్రం తండ్రి దారిలోనే పాదిరి అయ్యాడు.

ఇంత రాశాక అనుమానం వస్తోంది. కాకా కాదేమో. మేం ఆ గుమ్మడికాయ ఊరు వదిలిన ఏడాదికి, అక్కడి నుంచి ఇద్దరు పెళ్లి పిలుపుకు వచ్చారు. కొత్తగా వచ్చిన ఆయన్ను ఏకిపెడుతూ, "మీరుండగా ఇలా కాదండీ" అన్నారు. "పాపం, అలా అనకండి, ఆయన మంచివారు" అన్నారు నాన్న. కాసేపు ఆగి, చెంబుతో మంచినీళ్లు అందిస్తూ, "ఇంకా ఏమంటున్నారు?" అని అడిగారు. వాళ్లు లేచేలోపు ఇంకో రెండుసార్లు అడిగారు.

ఇప్పుడే అమ్మకు ఫోన్ చేశాను, అక్కడ పొద్దున్నే కదా. సంగతంతా చెప్పి, తమ్ముడికి ఆ పాత అయ్యగారి పేరు పెట్టి ఉంటే ఎలా ఉండేదని అడిగాను.

"రోజూ తిట్టుకోవడానికి వీలుగా ఉండేది" అంది.