మా బాబును అంగన్‌వాడీలో చేర్చాను

వరంగల్‌లో మా వీధి చివరే అంగన్‌వాడీ ఉంది. చిన్న అద్దె గది. బాబుకు మూడేళ్లు నిండాక ప్రైవేట్ నర్సరీ ఫీజులు విని, ఇంట్లో అంగన్‌వాడీ మాట ఎత్తాను. "అక్కడికి ఎవరెవరి పిల్లలో వస్తరు" అంది అత్తమ్మ. ఆ మాటకు రెండు రోజులు ఆగాను కూడా.

పిల్లాడి ఆధార్ లేకపోతే చేర్చుకోరని పక్కింటావిడ చెప్పింది. ఆఫీసుకు సెలవు పెట్టి ఆధార్ సెంటర్‌కు వెళ్తే సర్వర్ లేదన్నారు. మరోసారి వెళ్తే జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు తప్పుందన్నారు. టెన్షన్‌తోనే టీచర్ దగ్గరికి వెళ్లాను. "తల్లి ఆధార్ ఉంటే చాలమ్మా, బాబుది తర్వాత తీసుకురండి" అన్నారామె. ముందే ఆమెను అడగాల్సింది. బాబు బరువు, ఎత్తు చూసి, అంగన్‌వాడీ వివరాలు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో పేరు ఎక్కించారు. అంతే, అయిపోయింది.

మొదటి రోజు వాడిని వదల్లేక గుమ్మం దగ్గరే కూర్చున్నాను. లోపల ఒక లంబాడా పాప "యాడీ, యాడీ" అని ఏడుస్తోంది. వాళ్ల భాషలో అమ్మను అలా పిలుస్తారని ఆయా చెప్పింది. బిల్డింగ్ పనికి బీహార్ నుంచి వచ్చినవాళ్ల అబ్బాయి ఒక్క మాటా మాట్లాడకుండా గోడకు ఆనుకుని ఉన్నాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే అక్కాతమ్ముళ్లు ఇద్దరు. టీచర్ గ్లాసు పైకెత్తి "నీళ్లు" అన్నారు, వెంటనే "పానీ" అన్నారు. గోడ దగ్గరి అబ్బాయి తలెత్తి చూశాడు. ఆ పూట అన్నం, పప్పు, గుడ్డు అందరూ ఒకే వరుసలో కూర్చుని తిన్నారు. ఇంట్లో గుడ్డు ముట్టని మా వాడు పక్కవాళ్లను చూసి సగం తిన్నాడు.

వారం తర్వాత వాడు ఇంట్లో "అమ్మా, పానీ" అని అడిగాడు. నాకు ఎంత సంతోషమైందో! అత్తమ్మకు ఇంకా పూర్తిగా మనసొప్పలేదు, కానీ పొద్దున వాడి చేయి పట్టుకుని దింపి వచ్చేది ఆమే.

నన్ను బాధపెట్టేది ఒకటుంది. ఇన్ని భాషల పిల్లలున్న ఆ గదిలో, మాలాంటి ఉద్యోగస్తుల పిల్లలు మా వాడు తప్ప లేరు. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975లో మొదలైంది పేద పిల్లల ఆకలి తీర్చడానికే అనుకుని, మనం పక్కకు తప్పుకున్నాం. మనవాళ్లు కూడా వెళ్తే గది ఇరుకుగా ఉందని, మరుగుదొడ్డి బాగు చేయమని గట్టిగా అడిగే గొంతులు పెరుగుతాయి కదా. మా బిల్డింగ్‌లో ఆ వయసు పిల్లలు ఇంకో ముగ్గురున్నారు. మూడిళ్లకూ వెళ్లి చెప్పాను. ఒకరు సోమవారం వచ్చి చూస్తామన్నారు.