బూట్లు తొడిగి గేటు తీస్తే సరిపోదు: ఆరుబయట గుర్రం కాళ్ళ సంరక్షణ

ప్రతి ఉదయం దాణా పెట్టకముందే నా ఆడగుర్రం పక్కన గొంతుక్కూర్చుని, దాని ముందుకాలి వెనుకభాగాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, మోకాలి కింద నుంచి గిట్ట పైనున్న కీలు దాకా మెల్లగా తడుముతూ వస్తాను. ముందు ఎడమకాలు, తరువాత కుడికాలు, పోల్చుకోవడానికి మళ్ళీ ఎడమకాలు. ఆరోగ్యంగా ఉన్న కాలిలో అక్కడ బిగించి కట్టిన తాడులాంటి గట్టిదనం, స్పష్టమైన అంచులు వేళ్ళకు తెలుస్తాయి. చర్మం చల్లగా ఉంటుంది. మూడేళ్ళ కిందట ఒక ఉదయం ఆ అంచులు నా వేళ్ళకు అందలేదు. ఎడమకాలి వెనుక నిటారుగా ఉండవలసిన గీత విల్లులా బయటికి వంగి ఉంది. అక్కడ వెచ్చగా ఉంది. కాస్త నొక్కగానే గుర్రం కాలు లాక్కుంది.

అంతకు ముందు నాలుగు రోజులు ఎడతెగని వాన కురవడంతో దాన్ని లాయం దాటనివ్వలేదు. ఐదో రోజు తెరిపి ఇవ్వగానే నాలుగు కాళ్ళకూ బూట్లు, అంటే మోకాలి కింద కాలి చుట్టూ పట్టీలతో బిగించే రక్షణ తొడుగులు, తొడిగి, పట్టీలు సరిచూసుకుని, మైదానం గేటు దగ్గర పగ్గం విప్పాను. విప్పీ విప్పకముందే అది వెనుకకాళ్ళు గాలిలోకి విసిరి, అవతలి కంచె దాకా దౌడు తీసి, అదే వేగంతో తిరిగి వచ్చి, గేటు ముందరి బురదలో ముందుకాళ్ళు ఊని ఒక్కసారిగా ఆగింది. ఆ తరువాత తల దించుకుని మేసింది. సాయంత్రం కుంటలేదు, బూట్లు విప్పి చూస్తే ఒక్క గీత కూడా పడలేదు. కాళ్ళకు రక్షణ ఉంది కదా అన్న నమ్మకంతో ఆ సాయంత్రం నేను చేత్తో తడిమి చూడలేదు.

ఆ బూట్లు ఎందుకు కాపాడలేకపోయాయో అర్థం కావాలంటే ఆ కాలి నిర్మాణం తెలియాలి. గుర్రానికి మోకాలి కింద చెప్పుకోదగ్గ కండరం లేదు. పైన ముంజేతి భాగంలో ఉన్న కండరాల బలమంతా పొడవాటి స్నాయుబంధనాల ద్వారా, అంటే మనం వాడుకలో టెండన్లు అనే వాటి ద్వారా, కిందికి చేరుతుంది. కాలి వెనుకవైపు చర్మం కిందే ఒక టెండన్, దాని లోపల మరొక టెండన్, ఇంకా లోపల ఎముకను ఆనుకుని గిట్ట పైకీలును ఊయలలా మోసే సస్పెన్సరీ లిగమెంటు, అంటే ఎముకలను కలిపి పట్టే గట్టి పట్టీ, ఉంటాయి. దెబ్బతినేది ఎక్కువగా చర్మం కిందున్న టెండనే. దౌడులో అది స్ప్రింగులా సాగి, శక్తిని దాచుకుని, గిట్ట లేచేటప్పుడు తిరిగి ఇస్తుంది. పూర్తి వేగంలో అది తన పొడవులో సుమారు 16 శాతం దాకా సాగుతుందని పరిశోధకులు కొలిచారు. పోగులు తెగిపోయే హద్దు అక్కడికి ఎంతో దూరంలో లేదు. పైగా సాగి ముడుచుకున్న ప్రతిసారీ కొంత శక్తి వేడిగా మారి లోపలే నిలిచిపోతుంది. దౌడు తీస్తున్న గుర్రాల టెండన్ మధ్యభాగంలో 45 డిగ్రీల సెల్సియస్ దాకా ఉష్ణోగ్రత నమోదైంది. రక్తప్రసరణ తక్కువగా ఉండే ఆ కణజాలం ఒకసారి చిరిగితే మానేది మచ్చ కణజాలంతోనే. దానికి మునుపటి సాగేగుణం రాదు, అందుకే మళ్ళీ అదే చోట, లేదా దానికి ఆనుకుని, చిరిగే ప్రమాదం మిగిలే ఉంటుంది.

దౌడు తీసే గుర్రం ఒక్క ముందుకాలి మీదే తన శరీర బరువుకు రెండింతలకు మించిన భారం మోపుతుంది. ఆ భారాన్ని వేలెడు మందం రబ్బరో తోలో పంచుకోలేదు. బూటు చేయగలిగిన మేలు వేరే ఉంది. వెనుకగిట్ట ముందుకు దూసుకొచ్చి ముందుకాలి టెండన్ మీదో మడమ మీదో తగిలినప్పుడు, ముఖ్యంగా వెనుకగిట్టలకు లాడాలున్నప్పుడు, కోత పడకుండా అది అడ్డుపడుతుంది. టెండన్ మీద పడ్డ చిన్న కోత కూడా ఒక్కోసారి ప్రాణం మీదికి తేవచ్చు కనుక ఈ మేలు చిన్నదేమీ కాదు. మడమకు గంట ఆకారపు రబ్బరు తొడుగూ ఇందుకే. అయితే గంటల తరబడి ఉంచిన బూటు కాలి వేడిని బయటికి పోనివ్వదు. లోపలికి చేరిన ఇసుక, బురద చర్మాన్ని ఒరిపిడి పెడతాయి. బిగువైన పట్టీ సరిగ్గా టెండన్ మీదే నొక్కుకుంటుంది. ఇప్పుడు నేను గాలి ఆడే తేలికపాటి బూట్లే వాడుతున్నాను, అదీ లాడాలున్న రోజుల్లో, కొద్ది గంటల కోసం. తీసిన వెంటనే కడిగి ఆరబెడతాను. గుడ్డ పట్టీలు చుట్టి ఒంటరిగా మేతకు విడవడం మాత్రం ఎవరూ చేయకూడదని గట్టిగా చెబుతాను. తడిసి జారిన పట్టీ గుర్రం కాళ్ళకే ఉచ్చు అవుతుంది.

నా తప్పంతా విడిచిన పద్ధతిలో ఉంది. నాలుగు రోజులు కదలకుండా నిలబడ్డ గుర్రానికి అకస్మాత్తుగా ఖాళీ మైదానం చూపిస్తే అది పరుగెత్తక ఏం చేస్తుంది? రోజూ ఎక్కువసేపు బయట గడిపే గుర్రానికి గేటు తెరుచుకోవడం విశేషమే కాదు. అది నాలుగడుగులు వేసి మేతలో పడుతుంది. కాబట్టి వాన కురిసినా గంటసేపైనా బయటికి తీసుకువెళ్ళడం, అదీ కుదరకపోతే పగ్గం పట్టుకుని ఇరవై నిమిషాలు నడిపించడం నేను నియమంగా పెట్టుకున్నాను. రెండు రోజులు లోపల ఉండవలసి వస్తే మూడో రోజు నేరుగా పెద్ద మైదానంలోకి వదలను. మొదట పావుగంట చేత్తో నడిపిస్తాను. టెండన్లు సాగడానికి సిద్ధపడాలంటే ఆ మాత్రం నడక కావాలి. తరువాత చిన్న ఆవరణలో విడుస్తాను. అక్కడ పరుగు అందుకోవడానికి చోటు ఉండదు. దాని ఆత్రం తీరాక పెద్ద మైదానంలోకి మారుస్తాను. ఆకలితో ఉన్న గుర్రం కంటే సగం కడుపు నిండిన గుర్రం నెమ్మదిగా ఉంటుందని కూడా గమనించాను, అందుకని విడిచే ముందు కొంత ఎండుగడ్డి పెడతాను. పగ్గం విప్పే ముందు దాని ముఖాన్ని గేటు వైపుకు తిప్పి నిలబెడతాను. మైదానం వైపు తిరగడానికి పట్టే ఆ క్షణంలో దాని ఊపు కొంత తగ్గుతుంది, నేనూ దాని వెనుకకాళ్ళకు దూరంగా జరగగలను.

నేల విషయంలో గేటు దగ్గరి చోటునే ఎక్కువగా అనుమానించాలి. గుర్రాలన్నీ గుమిగూడేది, తిరిగేది, ఎదురుచూసేది అక్కడే, అందుకే మొదట బురదయ్యేదీ అదే. లోతు బురద గిట్టను పట్టుకుంటుంది, కాలు ఆలస్యంగా లేస్తుంది, ఆ లాగుడు టెండన్ మీద పడుతుంది. మరీ గట్టిపడ్డ నేల అదురును పెంచుతుంది. అన్నిటికంటే చెడ్డది గట్టినేలలోంచి మెత్తనేలలోకి పరుగు మధ్యలో మారడం, ఎందుకంటే గుర్రానికి అడుగు సర్దుకునే వ్యవధి దొరకదు. మా గేటు ముందు మట్టి తవ్వించి, నీరు ఇంకే వస్త్రం పరిచి, పైన కంకర, ఇసుక వేయించాను. మైదానమంతా నడిచి గుంతలు పూడ్చడం వారానికొకసారి చేస్తాను.

ఇక తోడు సంగతి. ఒకదాన్నొకటి తరిమే గుర్రాలను కలిపి విడిస్తే ఎన్ని బూట్లు తొడిగినా ప్రయోజనం ఉండదు. కొత్త గుర్రాన్ని కొన్నాళ్ళు కంచెకు ఇవతలే ఉంచి అలవాటుపడ్డాకే కలపాలి. గడ్డి కుప్పలు గుర్రాల సంఖ్య కంటే ఒకటి రెండు ఎక్కువగా, దూరదూరంగా వేస్తే గొడవలు చాలావరకు తగ్గుతాయి. బలహీనమైన గుర్రం ఇరుక్కుపోయే ఇరుకు మూలలను అడ్డకర్రలతో మూసివేయడం మంచిది. గిట్టల ముందుభాగం పొడవు పెరిగి మడమ అణిగిపోతే కాలి వెనుక భాగాలపై లాగుడు పెరుగుతుంది కనుక, ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి గిట్టలు కోయించడం కూడా ఈ సంరక్షణలో భాగమే.

వేడి, వాపు, నొప్పి, వీటిలో ఏ ఒక్కటి తెలిసినా, గుర్రం కుంటకపోయినా, దాన్ని నడిపించి చూడవద్దు. అక్కడే ఆపి, పావుగంట నుంచి ఇరవై నిమిషాల పాటు చన్నీటి ధార పోసి, పశువైద్యుణ్ణి పిలవండి. అల్ట్రాసౌండ్ పరీక్షలో చిరుగు పూర్తి స్వరూపం మొదటిరోజే కనిపించకపోవచ్చు. లోపలి దెబ్బ తరువాతి రోజుల్లో విస్తరిస్తుంది. మాకు వారం తరువాత చేసిన పరీక్షలోనే టెండన్ మధ్యలో నల్లటి మచ్చ స్పష్టంగా కనిపించింది. రోజుకు పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, వారాల లెక్కన పెంచుకుంటూ, తిరిగి పెద్ద మైదానంలో విడవడానికి పదకొండు నెలలు పట్టింది.

ఆ కాలి మీద ఇప్పటికీ చిన్న ఉబ్బు ఉంది. చల్లగా, గట్టిగా ఉంటుంది. దాని అంచులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో నా వేళ్ళకు కంఠస్థమే. ఈ ఉదయం పావుగంట నడిపించి, గేటు వైపు తిప్పి పగ్గం విప్పాను. అది నా చేతిని ఒకసారి వాసన చూసి, నాలుగడుగులు నడిచి, ఇసుకలో పొర్లి లేచి, ఒళ్ళు విదిలించుకుని, గడ్డి కుప్ప వైపు నెమ్మదిగా వెళ్ళింది.